డబ్బాకు బెయిల్ ఎవరిస్తారు?

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర మా దోస్తుకు డీటీపీ షాపుంది. పెండ్లి పత్రికలు, కరెంటు బిల్లులు, ఆధార్ జిరాక్సులు. ఎవరో కస్టమర్ అక్కడ కూర్చొని పెట్టిన పోస్టు మీద కేసైంది. పోలీసు సార్లు వచ్చి మావాణ్ని నాలుగు ప్రశ్నలడిగి వదిలేశారు, కంప్యూటర్‌ను పట్టుకుపోయారు. సబబే. మనిషి మాట మారుస్తాడు, డబ్బా మార్చదు.

జప్తు ఘనంగా జరిగింది. సీపీయూతో పాటు మానిటర్, కీబోర్డు, మౌస్, స్పీకర్లు. మౌస్ పాత్ర తక్కువేం కాదు, క్లిక్ కొట్టింది అదే. స్పీకర్లది విని ఊరుకున్న నేరం కాబోలు. పక్కనున్న చాయ్ హోటలాయన, కటింగ్ షాపాయన పంచులు, అంటే జప్తుకు సాక్షులు. పంచనామాలో 'నల్లరంగు డబ్బా ఒకటి' అని రాశారు. హార్డ్‌డిస్కు సీరియల్ నంబరు రాయలేదు, అంత సన్నటి అక్షరాలు చదివితే కళ్లు పోవూ! పనిచేస్తుందో లేదో చూద్దామని ఒక సారు ఆన్ చేసి, పది నిమిషాలు ఫోల్డర్లన్నీ తిరిగొచ్చారు. ఆ తర్వాతే తెల్లగుడ్డ చుట్టి లక్క ముద్ర వేశారు.

లాయర్లకు ఇదీ నచ్చదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తు మొత్తం వీడియో తీయాలట. తీశారు కదా, షాపు బోర్డు చక్కగా పడింది. ఇంకో పేచీ హ్యాష్ విలువ. డిస్కులో ఉన్నదంతా లెక్కగట్టి తీసే అంకెలు, అక్షరాల వరుస అది, డిస్కుకు వేలిముద్ర లాంటిది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో దానికో గడే ఉంది. జప్తు రోజునే రాసిపెడితే, రేపు డిస్కులో కొత్త ఫైలేదైనా కనబడినప్పుడు 'ఇది ఎప్పుడు పుట్టింది సార్?' అని నిందితుడు అడుగుతాడు. అదొక టెన్షన్. లక్క ఉండగా అంకెలెందుకు? పాండవులంతటివాళ్లే లక్క ఇంట్లో పడుకున్నారు.

పాస్‌వర్డు సంగతి సరేసరి. తనమీద తానే సాక్ష్యం చెప్పాలని నిందితుణ్ని బలవంతపెట్టొద్దని రాజ్యాంగం 20(3) అధికరణం అంటుంది. పాస్‌వర్డు చెప్పడం సాక్ష్యం కిందికి వస్తుందా అంటే 2021లో కర్ణాటక హైకోర్టు ఒకలా, 2022లో ఢిల్లీ సీబీఐ కోర్టు ఇంకోలా చెప్పాయి. మావాడికి ఆ తిప్పలు లేవు. పాస్‌వర్డు చీటీ మానిటర్‌కే అంటించి ఉంది, దాంతోపాటే పోయింది.

మనిషిని అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. డబ్బాకు ఆ గడియారం లేదు. జప్తు కబురు కాగితం మీద కోర్టుకు పోతుంది, డబ్బా హైదరాబాద్ ఫోరెన్సిక్ ల్యాబుకు పోయి వరుసలో కూర్చుంటుంది. కాపీ తీసుకుని డబ్బా ఇచ్చెయ్యండి సార్ అని మావాడు బతిమిలాడాడు. జిరాక్సు షాపువాడికి అన్నీ కాపీల్లాగే కనబడతాయని నవ్వారట.

మొన్న ఒక పెద్దాయన షాపుకు వచ్చాడు.

"తమ్మీ, మా బిడ్డ పెండ్లి పత్రిక నీ దగ్గర్నే కొట్టించినం. గదే డిజైన్‌ల మనుమరాలి తొట్టెల కార్డు కొట్టియ్యి."

"గది ఠాణాల ఉన్నది పెద్దనాయినా."

పెద్దాయన కాసేపు ఆలోచించాడు.

"ములాఖాత్‌కు పోతే ఇయ్యరా?"