మా సెలవు ఫొటోలు పాడుచేసిన టేకాకు పురుగు గారికి

అయ్యా,

దసరా సెలవుల్లో కుంతాల జలపాతం చూద్దామని పిల్లాజెల్లాతో బయల్దేరాం. నీళ్లకేం లోటు లేదు. కానీ నేరడిగొండ దగ్గర హైవే దిగాక కొండలన్నీ తుప్పు పట్టిన రేకుల్లా ఉన్నాయి. "అయ్యో, అడవి తగలబడిందా?" అంది మా ఆవిడ. "మంట కాదు మేడమ్, పురుగు తిన్నది" అన్నాడు డ్రైవర్. అంతే, కారులో అందరి మొహాలూ ముడుచుకుపోయాయి.

రంగులో తప్పేం లేదండీ. అమెరికాలో ఉన్న మా తోడల్లుడు ఏటా అక్టోబరులో ఎండుటాకుల చెట్ల కింద నిలబడి నలభై ఫొటోలు పంపుతాడు. అన్నిటికీ లైకులు కొడతాం. ఇక్కడ ఎండాకాలంలో టేకు ఆకంతా రాల్చి మోడులా నిలబడినా ఎవరూ ఏమీ అనరు. పురుగు అన్న మాట చెవిన పడ్డాకే అది రోగం.

కారాపించి ఒక ఆకు తెంపాను. పెద్ద ఈనెలు, వాటి మధ్య పిల్ల ఈనెలు, వాటిని కలిపే సన్నటి దారాలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మధ్యలో పచ్చదనం మాత్రం గీకి తినేశారు. ఎండకి అడ్డం పెడితే దోమతెరలోంచి చూసినట్టు అవతల మా అమ్మాయి మొహం కనిపించింది. దూరపు కొండలు నునుపు అంటారు. మీరు ఆ సామెతను తిరగేశారు: దూరానికి గజ్జి, దగ్గరికొస్తే నగిషీ.

వానలు మొదలవగానే లేతాకుల మీద పడే మీ జాతిభాయి ఒకాయన ఉన్నాడుగా, ఆయన లెక్క నిలంబూరులో కేరళ అటవీ పరిశోధన సంస్థ వాళ్లు తీశారు. కుర్ర టేకు తోటల్లో పెరగాల్సిన కలపలో 44 శాతం ఆయన వల్ల పెరగకుండా పోయిందట. అయినా చెట్లు చావవు, మళ్లీ చిగురేసి ఫొటోకి పచ్చగా నిలబడతాయి. అందుకే ఆయన మీద మాకు కోపం లేదు. మీరేమో వానాకాలం చివర్లో ముదురాకుల మీద పడి, సరిగ్గా సెలవులకి దొరికిపోతారు. కాస్త టైమింగ్ మార్చుకోకూడదూ?

టేకు తప్ప ఇంకో మొక్క లేకుండా ఎకరాలకెకరాలు వరసలు పెట్టి నాటేది మేమేలెండి. విస్తరి వేసి, ఎందుకొచ్చావనడం మర్యాద కాదు.

చివరికి మా మేనల్లుడు ఫోన్‌లో ఏదో నొక్కి కొండలన్నీ పచ్చగా చేసిచ్చాడు. "ప్రకృతి ఒడిలో" అని స్టేటస్ పెట్టాం. ఆ ఆకు మాత్రం మా ఆవిడ పుస్తకంలో దాచుకుంది. మీ ఎంగిలని నేను గుర్తుచేయలేదు.

ఇట్లు,
ఒక పర్యాటకుడు