శిలాఫలకం లేని విరాళం

మా నాన్నగారికి పప్పన్నం ప్రాణం. ఇప్పుడు అదీ గడియారం చూసి తినాల్సి వస్తోంది. ఆయనకి పార్కిన్సన్స్, ఒళ్లు వణికి బిగుసుకుపోయే జబ్బు. దానికి వాడే సిండోపా మాత్ర వేసుకున్నాక అరగంటైనా ఆగాలి. లేకపోతే పప్పులో, పెరుగులో ఉండే ప్రొటీన్ ఆ మందును సరిగా ఒంటికి పట్టనివ్వదు. మాత్ర పనిచేస్తున్నంతసేపూ చొక్కా గుండీలు తనే పెట్టుకుంటారు. పవర్ దిగే వేళకి గుమ్మం దగ్గర పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతారు. మొదట్లో కుడిచెయ్యి బిగుస్తోందంటే ఒక డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు, ఏడాది పాటు భుజానికి ఎక్సర్‌సైజులు చేయించారు. అసలు గుర్తు కిరాణా లిస్టులోనే ఉంది. మొదటి లైను మామూలుగానే ఉండేది, చివరికొచ్చేసరికి అక్షరాలు చీమలంత అయిపోయేవి. మాకు తట్టలేదు.

ఆ మాత్రలో అసలు మందు లెవోడోపా. ముట్టుకుంటే ఒళ్లంతా దురద పెట్టే మన దూలగొండి ఉంది చూశారూ, దాని గింజల్లో ఉన్నదీ ఇదే. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ గింజల నుంచి దాన్ని వేరుచేశారు. అది పార్కిన్సన్స్‌కి మందవుతుందని అప్పటికి ఎవరికీ తెలీదు. లెవోడోపా మెదడులో డోపమిన్‌గా మారుతుంది, మన కదలికలకి కావలసిన రసాయనం అదే. దాని పాత్రను స్వీడన్‌లో కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త బయటపెట్టింది 1957 ప్రాంతంలో. అమెరికాలో కోట్జియాస్ అనే డాక్టరు రోగులకి డోపాను పెద్ద మోతాదుల్లో ఇచ్చి ఫలితం చూపించింది 1967లో. (ఇది చదివి ఎవరూ దూలగొండి పొడి తెప్పించుకోకండి. మోతాదు డాక్టరు చేతిలోనే ఉండాలి.) ఈ ముప్పై ఏళ్లూ ఎవరో ఒకరు, ఏమొస్తుందో తెలియకుండానే పరిశోధన మీద ఖర్చు పెడుతూ వచ్చారు.

ఇప్పటికీ ప్రధానమైన మందు అదే. వణుకు, బిగుసుకుపోవడం తగ్గిస్తుంది కానీ జబ్బును ఆపదు. డయాబెటిస్ మందు ఎక్సెనటైడ్ ఆపుతుందేమోనని చాలామంది ఆశపడ్డారు. 2025లో వచ్చిన ఫేజ్ 3 (ఎక్కువమంది రోగుల మీద చేసే పెద్ద పరీక్ష) ఫలితాల్లో అది పనిచేయలేదని తేలింది. ఆ డబ్బంతా దండగంటే నేనొప్పుకోను. పనిచేయదని తెలుసుకోవడానికీ ట్రయల్ చెయ్యాల్సిందే.

విదేశంలో ఉన్న మన తెలుగు సంఘం మన ఊళ్లకి అంబులెన్సులిచ్చింది, బడి గదులు కట్టించింది. మంచిదే. వాటికి రిబ్బన్ ఉంటుంది, ఫలకం మీద పేర్లుంటాయి, మన పత్రికలో గ్రూప్ ఫొటో పడుతుంది. నా ఫొటో కూడా రెండుసార్లు పడింది లెండి. పరిశోధనకి ఇవేవీ ఉండవు, అందుకే మన జాబితాలోకి రావడం లేదనుకుంటాను.

మన దేశంలో పరిశోధన చేసేవాళ్లు లేక కాదు. 2017లో అమెరికాలో అనుమతి పొందిన సఫినమైడ్ అనే పార్కిన్సన్స్ మందు మీద జరిగిన పెద్ద ట్రయల్ ఒకదానికి మొదటి రచయిత హైదరాబాద్ నిమ్స్‌లో పనిచేసిన డాక్టర్ రూపమ్ బొర్గొహైన్. పైగా ఈ జబ్బు జన్యువుల గురించి తెలిసిందంతా ఎక్కువగా ఐరోపా మూలాలవాళ్ల నమూనాల నుంచే. మనవాళ్ల సంగతి తేలాలంటే మనవాళ్ల రక్తమూ కావాలి, ఆ పని చేసే కుర్రవాళ్లకి జీతమూ కావాలి.

కోట్లు అడగడం లేదు. కన్వెన్షన్ బ్యాంక్వెట్‌లో టేబుల్‌కి యాభై డాలర్లు పక్కన పెడదాం. తెలుగు రాష్ట్రాల్లో ఒక రీసెర్చ్ స్కాలర్‌కి మూడేళ్లు స్టైపెండ్ ఇచ్చే దిశగా మొదలుపెడదాం. విదేశీ విరాళాలకి అనుమతి ఉన్న సంస్థనే ఎంచుకోవాలి. ఆ పేపర్‌వర్క్‌కి మనలో సీఏలు తక్కువా?

వచ్చే జనరల్ బాడీలో ఈ తీర్మానం పెడుతున్నాను. బలపరిచేవాళ్లు ఒకరు కావాలి.