యాంటెన్నా పెరిగితే పవర్ దిగాలి

మణికొండలో ఒక డాబా మీంచి కిలోమీటరు అవతలి బిల్డింగ్‌కి వైఫై లింకు కావాలి. మామూలుగా జరిగేదేమిటంటే, 24 డీబీఐ (సిగ్నల్‌ను ఒక దిక్కుకి కేంద్రీకరించే బలానికి, అంటే గెయిన్‌కి, కొలత) గ్రిడ్ యాంటెన్నా కొనుక్కొచ్చి బిగిస్తారు, రేడియో పవర్‌ను ఉన్నంతా పెంచేస్తారు. నిబంధన దాటేది అక్కడే.

2.4 గిగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కర్లేకుండా వాడుకోవడానికి మన దేశంలో 2005 జనవరి ప్రభుత్వ నోటిఫికేషన్ హద్దులు పెట్టింది. ట్రాన్స్‌మిటర్ అవుట్‌పుట్ 1 వాట్, యాంటెన్నా గెయిన్ కలుపుకున్న ఈఐఆర్‌పీ (యాంటెన్నా చూసే దిక్కున వెళ్లే మొత్తం బలం) 4 వాట్లు, యాంటెన్నా ఎత్తు భవనం పైకప్పు నుంచి 5 మీటర్ల లోపు. పవర్‌ని డీబీఎంలో కొలిస్తే 1 వాట్ 30, 4 వాట్లు 36; ఈ లెక్కలో గెయిన్‌ని కూడాలి, నష్టాన్ని తీసేయాలి. కాబట్టి పూర్తి పవర్‌కి 6 డీబీఐ యాంటెన్నాతోనే సరి. 24 డీబీఐ పెడితే రేడియోని 12 డీబీఎంకి, సుమారు 16 మిల్లీవాట్లకి దించాలి. కేబుల్ 2 డీబీ తింటే 14 ఉంచుకోవచ్చు. 20 దగ్గరే వదిలేస్తే మొత్తం 44 డీబీఎం, అంటే 25 వాట్లు!

అమెరికా సలహాలు చదివి సెట్టింగ్ పెట్టేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. అక్కడ ఈ బ్యాండ్‌లో పాయింట్-టు-పాయింట్ లింకుకి, 6 డీబీఐ దాటిన ప్రతి 3 డీబీకి పవర్ 1 డీబీ తగ్గిస్తే చాలు. అదే గ్రిడ్‌కి అక్కడ 24 డీబీఎం చెల్లుతుంది. మన 2005 నిబంధనల్లో ఆ సడలింపు లేదు. ఇళ్ల మీద ఇళ్లున్న హైదరాబాద్‌లో లేకపోవడమే నయం.

పవర్ దించితే లింకు చస్తుందా? లెక్క కట్టండి. కిలోమీటరుకి గాలిలో నష్టం సుమారు 100 డీబీ. 36లోంచి 100 తీసి, అవతలి గ్రిడ్ 24 కలిపితే మైనస్ 40 డీబీఎం. అదే బలమైన సిగ్నల్. వినే వైపు గెయిన్‌కి ఈ 4 వాట్ల హద్దు అడ్డు రాదు, యాంటెన్నాకి పెట్టిన డబ్బు అక్కడ గిట్టుబాటవుతుంది. పవర్ పెంచితే పంపే వైపే లాభం, చెవి మాత్రం అంతే ఉంటుంది.

లింకులు చెడేది వేరే చోట. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్‌లో మీటరుకి దాదాపు 1 డీబీ తినేస్తుంది. పది మీటర్లు లాగితే వెళ్లేదాంట్లోనూ వచ్చేదాంట్లోనూ 10 డీబీ పోయినట్టే. పంపేటప్పటి నష్టాన్ని పవర్‌తో పూడ్చుకోవచ్చు, వినేటప్పటిదాన్ని పూడ్చలేం. రేడియోని యాంటెన్నా పక్కనే వాటర్‌ప్రూఫ్ డబ్బాలో పెట్టి, కిందికి ఈథర్‌నెట్ కేబుల్ దించడం మేలు. ఇక కిలోమీటరు లింకు మధ్యలో ఫ్రెనెల్ జోన్ (రెండు యాంటెన్నాల మధ్య గీత చుట్టూ సిగ్నల్ సాగే జాగా) వ్యాసార్థం 5.6 మీటర్లు. అందులో 60 శాతం, అంటే 3.4 మీటర్లయినా ఖాళీగా ఉండాలి. అవతలి బిల్డింగ్ కనిపిస్తోంది కదా అని బిగిస్తే, దారి మధ్యలో ఎవరిదో వాటర్ ట్యాంకు ఆ ఖాళీని మింగేస్తుంది. యాంటెన్నాని నిలిపే 5 మీటర్ల పైపు ఎక్కడ పాతాలో ఆ ఖాళీని చూసే తేల్చుకోవాలి.