ఖాళీ గూడ్సు బండి గారికి

మహారాజశ్రీ గూడ్సు బండి గారి సముఖమునకు, గుత్తి పొలం గట్టు మీది నుంచి ఒక ఫొటోల పిచ్చోడు నమస్కరించి రాసుకునే విన్నపం. తమరు క్షేమమే, నిన్న కళ్లారా చూశాను. నా బాధంతా అదే.

నేను ఫొటో తీద్దామని కాచుకున్న స్పెషల్ బండి పన్నెండుకే అన్నారు, నాలుగుంపావుకు వచ్చింది. పర్లేదు. ఈలోపు ఎండ నా వీపు వైపుకు తిరిగి గుత్తి కోట మీద చక్కగా పడింది. మేకల తాత "ఏం నాయనా, సర్వేకొచ్చినావా?" అని మూడుసార్లు అడిగినా ఓర్చుకున్నాను. కరెంటు స్తంభాలతోనూ రాజీపడి, రెండింటి నడుమ ఇంజన్ పట్టేంత సందు చూసి పెట్టుకున్నాను.

వచ్చేది మామూలు ఇంజనా? జంట ఆల్కో డీజిల్ ఇంజన్లు! ఆ అమెరికా కంపెనీ 1969లోనే ఇంజన్ల తయారీ మానేస్తే, వారణాసిలో మనవాళ్లు ఆ వంశాన్ని దశాబ్దాల పాటు నిలబెట్టారు. డ్రైవరు నాచ్, అంటే ఇంజన్ జోరు మెట్టు, పెంచగానే లోపల డీజిల్ ముందు దూకుతుంది, దాన్ని మండించే టర్బో గాలి వెనకపడుతుంది. ఆ కాసేపట్లోనే నల్లపొగ బుస్సుమని లేస్తుంది. యార్డు దాటి వేగం అందుకునే చోటని ఆ గట్టు వెతుక్కున్నది అందుకే. ఒకప్పుడు గుత్తి షెడ్డు దగ్గర ఇలాంటివి ఎన్నో కనిపించేవి. అప్పుడు నా చేతిలో కెమెరా లేదు.

హారన్ వినిపించింది. పొగ లేచింది. వేలు బటన్ మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే ఇవతలి లైన్లో తమరు వేంచేశారు.

జన్మంతా లూప్ లైన్లో పడిగాపులు కాసే జీవి తమరు. ఎక్స్‌ప్రెస్ వస్తే ఆగుతారు, ప్యాసింజర్ వచ్చినా ఆగుతారు. పొద్దున నిలబడితే మాపటికీ అక్కడే. నిన్న మాత్రం ఏం కొంప మునిగిందని ఆ పరుగు? పోనీ బొగ్గు నింపుకొని ముద్దనూరు థర్మల్‌కు పోతున్నావా అంటే, ఇంట్లో ఫ్యాను తిరగాలి గదా అని నోరు మూసుకుందును. నువ్వు అక్కడ దించేసి వస్తున్నావు. ఖాళీ! యాభై ఎనిమిది ఒట్టి డబ్బాలు, లెక్కపెట్టాను, ఇంకేం చేయను మరి! డబ్బాకూ డబ్బాకూ నడుమ ఇంజన్ రంగు తళుక్కుమనడం, మళ్లీ తుప్పు. కోట కొంచెం, మళ్లీ తుప్పు. ఐదు నిమిషాలు ఆ లూపులోనే పడుంటే నీ సొమ్మేం పోయేది? నీకు సిగ్నలిచ్చినోడి కంట్లో చెనక్కాయ పొట్టు పడ!

నీ తోక దాటేసరికి నాకు దక్కింది స్పెషల్ బండి ఆఖరి పెట్టె వీపు. అప్పటికే మేకల్ని తోలుకొని గేటు అవతలికి పోయిన తాత మాత్రం తనివితీరా చూశాడు. "భలే పొగ ఇడిసినాది పో!" అన్నాడు తిరిగొచ్చి.

రాత్రి చూసుకుంటే ముప్పైరెండు ఫొటోలు, అన్నీ తమరివే. ఒకటి మాత్రం చెరపడానికి చేతులు రాలేదు. కింద తుప్పు డబ్బాల వరుస, పైన కరెంటు తీగ, ఆ తీగను మింగేసి ఆకాశంలోకి లేచిన నల్లపొగ, వెనక కోట. మా తమ్ముడికి చూపిస్తే చాలాసేపు చూసి అడిగాడు:

"కరెంటు ఇంజన్ గూడా ఇంత పొగ ఇడుస్తాదాన్నా?"