సవరణ: యూటా జెండాల చట్టం ఇళ్లకు వర్తించదు

అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఇంటి మీద ఎల్‌జీబీటీ (స్వలింగ, ట్రాన్స్‌జెండర్ తదితర) సముదాయాల గుర్తయిన ఇంద్రధనుస్సు జెండా ఎగరేసినా రోజుకు 500 డాలర్ల జరిమానా అని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. చట్టం పాఠం చదివాక సరిచేస్తున్నాను.

హెచ్‌బీ 77 అనే ఆ చట్టం ప్రభుత్వ భవనాలకు, ప్రభుత్వ బడులకు మాత్రమే. జరిమానా పడేది కూడా ఆ సంస్థల మీదే. మీ ఇల్లు, మీ వాకిలి దాని పరిధిలోకి రావు. అక్కడున్న మనవాళ్లు కొందరు కంగారుపడి అడిగారు కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నాను. గవర్నర్ స్పెన్సర్ కాక్స్ దానిపై సంతకం చేయలేదు, వీటో కూడా చేయలేదు. అలాగే చట్టమైపోయి, 2025 మే 7న అమల్లోకి వచ్చింది.

యూటా రాజధాని సాల్ట్ లేక్ సిటీ చట్టాన్ని ధిక్కరించిందన్న మాట కూడా సరికాదు. చట్టం ఏ జెండా ఎగరేయవచ్చో జాబితా ఇచ్చింది: దేశానిది, రాష్ట్రానిది, సైన్యానివి, గిరిజన తెగలవి, ఇంకా కొన్ని. అందులో నగరాల సొంత జెండాలూ ఉన్నాయి. నగర పాలక మండలి సరిగ్గా ఆ వెసులుబాటునే వాడుకుంది. మే 6న, అంటే ఒక్కరోజు ముందు, ఇంద్రధనుస్సు, ట్రాన్స్‌జెండర్, జూన్‌టీన్త్ (అమెరికాలో బానిసత్వం ముగిసిన సందర్భంగా జరిపే పండుగ) జెండాల మీద నగర చిహ్నమైన సెగో లిల్లీ పువ్వు చేర్చి, మూడింటినీ అధికారిక నగర జెండాలుగా ఆమోదించింది. స్థానిక పాలన చేతిలో మిగిలిన కాస్త అధికారాన్ని అలా నిలబెట్టుకోవడం నాకు నచ్చింది. అదే రోజు పొరుగు రాష్ట్రమైన ఐడహోలో బోయిసీ నగరం కూడా ఇంద్రధనుస్సు జెండాను తన అధికారిక జెండాల్లో చేర్చుకుంది.

పాత పోస్టును పంచుకున్నవాళ్లు దయచేసి దీన్నీ పంచుకోండి.