కాన్పు సంచి: కొన్ని పాలనాపరమైన విషయాలు

కాన్పుకి వెళ్లేటప్పుడు సంచి సర్దడం ఆడవాళ్ల పనని ఇన్నాళ్లూ అందరూ పొరబడ్డారు. మా ఆవిడకి ఎనిమిదో నెల వెళ్లగానే ఆ శాఖని నేను స్వాధీనం చేసుకున్నాను. ఆమె మోసేది బిడ్డని మాత్రమే. బాధ్యతంతా నాది.

తొలి కాన్పు కాబట్టి పుట్టింట్లో, అంటే వరంగల్‌లో. చెకప్‌కి వెళ్లినప్పుడు నర్సు, "సంచి సర్దుకుని గుమ్మం దగ్గర పెట్టుకోండి, నొప్పులు ఎప్పుడొస్తాయో చెప్పలేం" అంది. పాపం, ఆమె ఏ కాలంలో ఉందో! జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) లెక్కల్లో దేశం మొత్తం మీద కాన్పుల్లో పెద్దాపరేషన్లు (సిజేరియన్లు) 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. తెలంగాణలోనే ప్రైవేటు ఆస్పత్రుల వరకు చూసుకుంటే 81.5. ఇంత ప్రగతి సాధించాక కూడా నొప్పుల కోసం ఎదురుచూడ్డం ఏమిటి? అర్ధరాత్రి వానలో ఆటో దొరక్కపోవడం లాంటివి సినిమావాళ్లకి వదిలేశాం. మనకి పంచాంగం ఉంది.

మా మామగారు సిద్ధాంతిగారిని అడిగి 14వ తారీఖు ఖాయం చేశారు. మా అమ్మ తన సిద్ధాంతిని అడిగితే ఆ రోజు మూలా నక్షత్రం అన్నాడు. 16కి మార్చాం. 16న డాక్టరమ్మగారి ఇంట్లో పెళ్లి. చివరికి ఇద్దరు సిద్ధాంతులూ, ఒక డాక్టరమ్మా, ఆపరేషన్ థియేటరూ ఒప్పుకున్న ముహూర్తం 17 ఉదయం 10 గంటల 20 నిమిషాలు. కడుపులో ఉన్నవాళ్లని ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి.

నేను కొన్న ట్రాలీ సూట్‌కేసుకి మూడంకెల తాళం ఉంది. గుర్తుంటుందని ముహూర్తం తారీఖునే నంబరుగా పెట్టాను. తారీఖు మారినప్పుడల్లా నంబరూ మార్చాను. పాలనలో ఇలాంటి క్రమశిక్షణ అవసరం.

ఇక లోపలి సరుకు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు రెండు పేజీల లిస్టు పంపింది. పెదాలకి రాసుకునే క్రీము, ఇంటి దిండు, మెత్తటి చెప్పులు, ఆఖర్న బర్త్ ప్లాన్ మూడు కాపీలు. గదిలో వెలుతురు ఎంత ఉండాలో, ఏ పాట పెట్టాలో ముందే రాసి డాక్టరుకి ఇవ్వాలట. ఇక్కడ థియేటర్లో ఏ పాట మోగినా అది డాక్టరమ్మగారి ఫోన్‌దే. అయినా ప్రింట్ తీయించాను. లామినేషన్ కూడా చేయించాను.

మా అత్తగారి పద్ధతి వేరు. బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు కొనకూడదు కాబట్టి, ఇరవై ఏళ్లు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలు రెండు తీసి, చింపి, వేణ్నీళ్లలో ఉడికించి, ఎండలో ఆరేసి పొత్తిగుడ్డలు చేశారు. వాటిని మడతపెట్టేటప్పుడు ఒక్కోదాన్నీ చెంపకి ఆనించి చూసుకోవడం నేను గమనించాను. లిస్టులో లేని పని అని వదిలేశాను. ఫ్లాస్కు, స్టీలు గ్లాసు, పత్యానికి కారప్పొడి, కాటుక డబ్బా కూడా ఆవిడ చలవే.

తనిఖీలో కొబ్బరినూనె సీసా వెనక తేనె సీసా దొరికింది. మా అమ్మది. బిడ్డ పుట్టగానే నాలిక్కి రాయాలట. ఏడాది నిండేదాకా తేనె ముట్టించొద్దనీ, మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించాలనీ పిల్లల డాక్టరు చెప్పారని గుర్తు చేశాను.

"నువ్వు తేనె నాకి పెరిగినవాడివే కదరా" అంది అమ్మ.

"అందుకే అత్తయ్యా, వద్దంటున్నది" అంది మా ఆవిడ.

నా వంతు సామాను క్లుప్తం. ఎక్స్‌టెన్షన్ బాక్సు, రెండు పవర్ బ్యాంకులు, మడతకుర్చీ, మెడకింద దిండు, ల్యాప్‌టాప్. కాన్పు సమయంలో భర్త పడే టెన్షన్ మీద పెద్దగా ఎవరూ రాయరు. స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూప్ కాగితం, ఆధార్ జిరాక్సులు, ఇన్సూరెన్స్ కార్డు వేరే సంచిలో. అదే ఎక్కువ బరువు. సూట్‌కేసు మూత పడక రెండు ఫీడింగ్ నైటీలు తీసేయాల్సి వచ్చింది. కుర్చీ తీయలేం కదా.

15 రాత్రి పదకొండున్నరకి ఉమ్మనీరు పోయింది. ఏ సిద్ధాంతినీ సంప్రదించలేదు. బయట వాన.

ఆస్పత్రికి చేరాక రిసెప్షన్‌లో మా చేతికి ఒక చీటీ ఇచ్చారు. ప్యాడ్లు, డైపర్లు, గ్లౌజులు, షీట్లు. అన్నీ తెచ్చుకున్నామని సూట్‌కేసు చూపించాను. బయటివి పనికిరావు, కింద మా ఫార్మసీలోనే తీసుకోవాలన్నారు. సూట్‌కేసు చేసిన నేరం ఏమిటంటే దానికి బిల్లు లేదు. ఉన్నవన్నీ ఇంకోసారి కొన్నాం.

తెల్లవారుజామున 4 గంటల 10 నిమిషాలకి ఆడపిల్ల. నార్మల్. డాక్టరమ్మగారు కూడా ఆశ్చర్యపోయారు. బిడ్డని చుట్టడానికి గుడ్డ తెమ్మన్నారు. తాళానికి 017 పెట్టాను, రాలేదు. 016, రాలేదు. 014, అదీ కాదు. మార్చేటప్పుడు మధ్యలో ఎక్కడో ఇంకేదో నంబరు పడింది. లోపల బిడ్డ ఏడుపు, బయట నేను 018, 019. చివరికి ఆయా కత్తెరతో జిప్పు తెంచింది. పైనే మడతకుర్చీ. దాన్ని తీసి నావైపు ఒకసారి చూసి, అడుగునున్న పొత్తిగుడ్డ లాక్కుని వెళ్లింది.

తిరిగొచ్చి, "ఆడపిల్లే కదా సార్, సగమియ్యండి చాలు" అంది. బాబుకి ఒక రేటు, పాపకి ఒక రేటు చాలా ఆస్పత్రి వరండాల్లో ఉన్నదే. 2017లో తెలంగాణ ప్రభుత్వం కేసీఆర్ కిట్ పెట్టినప్పుడు సర్కారు ఆస్పత్రిలో కాన్పయితే 16 రకాల వస్తువులున్న సంచి ఇచ్చి, మగబిడ్డకి 12 వేలు, ఆడబిడ్డకి 13 వేలు అన్నారు. సర్కారు లెక్కలో ఆడపిల్లకి వెయ్యి ఎక్కువ, వరండా లెక్కలో సగం తక్కువ. ఈ రెండు శాఖల మధ్య సమన్వయ సమావేశం ఎందుకు జరగలేదో తెలియదు. నేను మాత్రం బాబు రేటే ఇచ్చాను. చిల్లర లేక.

గదిలోకి మార్చాక మా ఆవిడ కళ్లు తెరిచి ఒక్కటే అడిగింది. "ఏవండీ, జుట్టంతా మొహం మీద పడుతోంది. రబ్బరుబ్యాండు ఉందా?"

సూట్‌కేసంతా బోర్లించాను. పవర్ బ్యాంకులు రెండున్నాయి. బర్త్ ప్లాన్ మూడు కాపీలున్నాయి. తేనె సీసా మళ్లీ ఉంది. రబ్బరుబ్యాండు లేదు.

ఆయా తన జడకున్నది లాగి, మా ఆవిడ జుట్టు వెనక్కి దువ్వి, ముడేసింది. దానికి డబ్బులడగలేదు. డిశ్చార్జి రోజు బిల్లు మొత్తం రెండుసార్లు చూశాను. అందులోనూ లేదు.