పెరటి చెట్టుకు న్యూయార్క్ ముద్ర

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ సెంటర్ మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. అంత పెద్ద ఆస్పత్రి, అంత పేరు. రక్త క్యాన్సర్‌కు ముందు దశల్లో ఉన్నవాళ్ళ మీద ఒక పరీక్ష చేసి, చివరికి వాళ్ళు చెప్పింది ఏమిటయ్యా అంటే పప్పులు, కూరలు, పళ్ళు, పొట్టు తీయని ధాన్యాలు తినమని! ఒక హిమాలయ మూలిక లేదు, అమావాస్య నాడు కోయాల్సిన ఆకు లేదు. కనీసం పరగడుపున తాగడానికి ఒక చేదు రసమైనా లేదు. దీన్ని వైద్యమని ఎలా నమ్మమంటారు?

డాక్టర్ ఊర్వి షా బృందం చేసిన ఆ పరీక్ష పేరు న్యూట్రివెన్షన్. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు ముందు రెండు మెట్లుంటాయి: ఎమ్‌గస్, స్మోల్డరింగ్ మైలోమా. మూలుగలోని కొన్ని ప్లాస్మా కణాలు (రోగనిరోధక కణాల్లో ఒక రకం) ఎవరూ అడక్కుండానే ఒక ప్రొటీన్ తయారు చేసి రక్తంలోకి వదులుతుంటాయి. మనిషి మాత్రం హాయిగా తిరుగుతుంటాడు. అమెరికాలోని మిన్నెసోటాలో లెక్క తీస్తే యాభై దాటినవాళ్ళలో నూటికి ముగ్గురికి ఎమ్‌గస్ కనిపించింది. అది ముదిరేది ఏడాదికి నూటికి ఒకరిలో. స్మోల్డరింగ్‌ది వేరే సంగతి. మొదటి అయిదేళ్ళూ ఏడాదికి నూటికి పదిమంది చొప్పున మైలోమాలోకి జారతారు.

ఈ దశల్లో ఉండి, బరువు ఎక్కువున్న ఇరవై మందికి పన్నెండు వారాలు పీచు దండిగా ఉన్న శాకాహారం పంపించారు. కొలతల్లేవు, కడుపు నిండా తినమన్నారు. ఆరు నెలల పాటు సలహాలిచ్చారు. బరువు తగ్గింది, ఇన్సులిన్ పనితీరు బాగుపడింది, పేగుల్లో మంచి బాక్టీరియా పెరిగింది. పీచు మనకు అరగదు కదా, పెద్దపేగులో ఉండే ఆ బాక్టీరియాకు అదే భోజనం. తిని, పులియబెట్టి, బ్యుటిరేట్ లాంటి పదార్థాలు తయారు చేస్తుంది. ఒంట్లో వాపును అణచడంలో వాటికి పాత్ర ఉంది. వ్యాధి ముదిరే దారిలో ఉన్న ఇద్దరిలో ఆ వేగం తగ్గింది. ఏడాది గడిచినా ఇరవై మందిలో ఎవరికీ మైలోమా రాలేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. 2024 డిసెంబర్‌లో ఈ ఫలితాలు బయటపెట్టినవాళ్ళు అక్కడితో ఆగొచ్చు కదా? ఇది చిన్న పరీక్షేననీ, ఇంకా పెద్దవి చేసి చూడాలనీ కూడా అన్నారు. ఇరవై మంది చాలలేదట! మనకు ఒక్కరు చాలు. ఆ ఒక్కరు బావమరిది ఆఫీసులో పనిచేసే ఆయన తోడల్లుడైతే మరీ నమ్మకం.

అదే ఏడాది నవంబర్‌లో నవజ్యోత్ సింగ్ సిద్ధూ ఏం చేశారో చూడండి. తన భార్య నాలుగో దశ క్యాన్సర్ నుంచి బయటపడిందనీ, వేపాకు, పసుపు, నిమ్మరసం లాంటివి సాయపడ్డాయనీ ప్రెస్ ముందు చెప్పారు. అదీ ధీమా అంటే. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రికి చెందిన పాత, కొత్త క్యాన్సర్ డాక్టర్లు 262 మంది కలిసి సంతకాలు పెట్టి, ఇలాంటివి నమ్మి వైద్యం మానుకోవద్దన్నారు. ఆవిడకు ఆపరేషన్, కీమో కూడా జరిగాయి. ఆ సంగతి మన ఫార్వర్డ్ మెసేజీలో పట్టలేదు, అంతే.

మా బంధువుల్లో ఒకాయనకు, ఆయన్ను అందరం బాబాయ్ అంటాం, నడుము నొప్పికని చేయించిన పరీక్షల్లో ఈ ఎమ్‌గస్ బయటపడింది. డాక్టర్ రిపోర్టు చూసి, "ప్రస్తుతానికి మందులేమీ అక్కర్లేదు, ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకోండి, కాస్త బరువు తగ్గండి" అన్నారు. మందు రాయని డాక్టర్‌కు ఫీజెందుకని పిన్ని ఆస్పత్రి మెట్ల మీదే గొడవ పెట్టుకుంది. వారం తిరిగేసరికి వాళ్ళ ఫ్రిజ్ డోరులో తిప్పతీగ రసం, గోధుమగడ్డి పొడి, ఎవరో విజయవాడ నుంచి పంపిన నల్లటి కషాయం వరుసగా నిలబడ్డాయి. తిప్పతీగ తాగి కాలేయం దెబ్బతిన్న కేసుల గురించి కోవిడ్ సమయంలో ముంబై డాక్టర్లు రాశారు గానీ, వాళ్ళు పిన్నికి ఫోన్ చేసి చెప్పలేదు. రక్తపరీక్ష గడువు మాత్రం ఎవరికీ గుర్తులేదు.

"మేము ప్యూర్ వెజ్, మాకీ డైట్లెందుకు" అని బాబాయ్ అంటారు. నిజమే. పాలిష్ పట్టిన తెల్లన్నం, నాలుగు అప్పడాలు, ఆలూ వేపుడు, మిర్చి బజ్జీ, చివర్లో రెండు బొబ్బట్లు. ఒక్క జీవినీ చంపలేదు. పేగుల్లో ఉన్న బాక్టీరియాను పస్తు పెట్టడం హింస కిందికి రాదు.

హై రిస్క్ స్మోల్డరింగ్, అంటే మైలోమాలోకి జారే ముప్పు ఎక్కువగా ఉన్నవాళ్ళకు డారటుముమాబ్ ఇంజెక్షన్ ఇవ్వొచ్చని అమెరికాలో 2025 నవంబర్‌లో అనుమతి ఇచ్చారు. అది ఎవరికి కావాలో రక్తం, మూలుగ చూసి తేల్చాల్సింది రక్త వ్యాధులు చూసే హెమటాలజిస్టు, అలసందలు కాదు.

అయినా జనం చేత అలసందలను నమ్మించాలంటే దారి లేకపోలేదు. ఉలవలు, అలసందలు, ఎండబెట్టిన తోటకూర కలిపి పొడి కొట్టి, ముదురాకుపచ్చ సీసాలో పోసి, "రక్తామృతం, మండలం రోజుల కోర్సు" అని పేరు పెట్టాలి. ధర 4,999. సీసా వెనక చీమ తలకాయంత అక్షరాలతో "ఆరు నెలలకోసారి రక్తపరీక్ష తప్పనిసరి" అని అచ్చు వెయ్యాలి. పిన్ని మొదటి బ్యాచ్‌లోనే మూడు సీసాలు బుక్ చేస్తుంది. మూడు కొంటే కొరియర్ ఫ్రీ కదా.